కీళ్ళవాతపు మాత్రలు - కడుపునకు కలుగు హాని

తెల్లవారుజామున లేచి పొయ్యి ముట్టింపబోవు స్త్రీ వ్రేళ్ళు మడువలేక, చేతులు గోరువెచ్చని నీటిలో నుంచుకొని కొంతసేపు కూర్చుండుట గ్రామములలో అనేకులు చూచియే యుందురు. ప్రొద్దెక్కిన కొలది ఆ బిగువు కొంత సడలును. మరునాటి ఉదయము మరల అదే బాధ. వయస్సు మీరినవారికి మోకాలి కీలు అరిగి వచ్చు నొప్పి వేరు, ఇది వేరు. దీనిని వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అందురు, వాడుకలో కీళ్ళవాతము. శరీరమును రోగములనుండి కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి సొంత కీళ్ళపై దాడి చేయుటవలన ఇది కలుగును. పెద్దవారిలో నూటికి ఒకరికి గాని, అంతకు తక్కువమందికి గాని వచ్చు జబ్బు ఇది. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. ఈ లెక్కను బట్టి ఒక మాదిరి గ్రామములో కూడ ఇట్టివారు కొందరుందురు.

వీరిలో అనేకులు స్టిరాయిడ్ మాత్రలు వాడుచున్నారు. కొందరు వైద్యుని చీటీపై వాడుదురు. మరికొందరు దుకాణములో నడిగి తెచ్చుకొని నెలల తరబడి, ఏండ్ల తరబడి మ్రింగుదురు. ఈ మాత్రలు కడుపునకు ఎట్లు హాని చేయునో, ఆ హాని ఎప్పుడు ప్రాణాపాయమగునో, దానిని తప్పించుకొను మార్గమేదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మిక్కిలి అవసరము. ఏలననగా, ఇందలి ప్రమాదములలో చాలవరకు ముందు జాగ్రత్తతో తప్పింపదగినవే.

మందు పుట్టిన విధము

1948వ సంవత్సరము సెప్టెంబరులో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్ళవాతముతో కదలలేని స్థితిలోనున్న ఒక రోగికి కార్టిసోను అను క్రొత్త పదార్థమును సూదిమందుగా నిచ్చెను. కొలది దినములలోనే ఆ రోగి లేచి నడువసాగెను. వైద్యలోకము ఆశ్చర్యపడెను. ఆ పదార్థముపై పరిశోధనలు చేసిన ఎడ్వర్డ్ కెండాల్, తాడియస్ రైఖ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులకును, హెంచ్‌కును 1950లో నోబెల్ బహుమానము లభించెను. 1955లో ప్రెడ్నిసోను, ప్రెడ్నిసొలోను అను మాత్రలు వాడుకలోనికి వచ్చెను. నేటికిని మన ఆసుపత్రులలో ఎక్కువగా వాడబడుచున్న స్టిరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోనే.

అయితే సంతోషము వెంటనే చింతయు వచ్చినది. ఎక్కువ కాలము మందు తీసికొన్నవారికి ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లబారుట, రక్తములో చక్కెర పెరుగుట, కడుపులో పుండ్లు పడుట మొదలైన దోషములు బయటపడెను. నొప్పిని ఇంత త్వరగా తగ్గించు మందును కొలతతోను, కాలపరిమితితోను వాడవలెనని వైద్యులు గ్రహించిరి.

చిన్న మాత్ర, పెద్ద శక్తి

స్టిరాయిడ్ మన శరీరమునకు పరాయి వస్తువు కాదు. మూత్రపిండములపై టోపీలవలె నమరియున్న అధివృక్క గ్రంథులు ప్రతిదినము కార్టిసాల్ అను ఇట్టి పదార్థమునే తయారుచేయును. ఒక దినమున శరీరము తయారుచేయు కార్టిసాల్ శక్తి సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోను మాత్రకు సమానము. అంతకు మించి బయటినుండి వేసినదంతయు శరీరమునకు అదనపు భారమే.

ఇంకొక విషయము గమనింపవలెను. మందు చీటీపై తక్కువ అంకె కనబడినంత మాత్రమున మందు తక్కువ శక్తిగలదని తలపరాదు. డెక్సామెథసోను 0.75 మిల్లీగ్రాము, 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోనుకు సమానము. బీటామెథసోను ఇంచుమించు 0.6 మిల్లీగ్రాముతోనే ఆ పని చేయును. అరమిల్లీగ్రాము మాత్రలు దినమునకు మూడు మ్రింగువాడు శరీరమునకు కావలసినదానికి రెట్టింపు స్టిరాయిడ్ తీసికొనుచున్నాడన్నమాట.

కడుపులో జరుగునదేమి?

అన్నము అరుగుటకై జీర్ణాశయములో హైడ్రోక్లోరికామ్లము ఊరును. ఇది మాంసమును సైతము కరగింపజాలినంత ఘాటైనది. అయినను జీర్ణాశయపు గోడ కరగిపోకుండుటకు కారణము, దాని లోపలి భాగమును కప్పియున్న జిగురు పొర. కుండకు లోపల పూత పూసినట్లు ఆ పొర ఆమ్లమును గోడకు తగులనీయదు. ఈ జిగురును ఊరింపజేయుటకు, గోడకు రక్తప్రసారము చక్కగా నుండుటకు ప్రోస్టాగ్లాండినులు అను పదార్థములు అవసరము. చిత్రమేమనగా, ఇట్టి పదార్థములే కీళ్ళలో వాపును, నొప్పిని కలిగించుటలోను పాల్గొనును. కావున కీళ్ళ నొప్పిని తగ్గింపవలెనని వాటి ఉత్పత్తిని అడ్డుకొన్నప్పుడు కడుపులోని రక్షణపొర కూడ పలుచబడును.

స్టిరాయిడ్ ఈ ఉత్పత్తిని తగ్గించుటయేగాక, పడిన గాయము మానుటను ఆలస్యము చేయును. డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పిమాత్రలు ఆ ఉత్పత్తిని వేరొక మెట్టుకడ అడ్డగించును. ఈ రెండు తెగల మందులు ఒకే కడుపులో పడినప్పుడు గోడకు రెండు వైపుల రక్షణ పోయినట్లగును.

జంట మాత్రల ప్రమాదము

ఈ విషయమున 1991లో ప్రకటింపబడిన ఒక పరిశోధన మిక్కిలి ముఖ్యమైనది. అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రములో జీర్ణాశయ వ్రణములతో ఆసుపత్రులలో చేరిన వృద్ధులు అంతకు ముందు ఏ మందులు వాడిరో పరిశోధకులు పరిశీలించిరి. నొప్పిమాత్రలు లేకుండ స్టిరాయిడ్ మాత్రమే వాడినవారికి పుండు పడు ప్రమాదము సామాన్యులకంటె చెప్పదగినంత ఎక్కువగా కనబడలేదు. కాని స్టిరాయిడ్‌తోపాటు నొప్పిమాత్రయు వాడినవారికి, ఈ రెండును వాడనివారితో పోల్చినచో ప్రమాదము సుమారు 15 రెట్లు ఎక్కువగా నుండెను.

దీనినిబట్టి మన గ్రామములలోని ఆచారమును పరిశీలింపవలెను. వరినాట్లకు పోవు ఒక కార్మికురాలు ఉన్నదనుకొందము. వ్రేళ్ళ వాపుచే నారుకట్ట పట్టుకొనలేకున్నది. నాట్ల దినములు పది పదునైదుకు మించవు. ఆ దినములలో కూలి పోయినచో ఆ ఇంటికి మరల దొరకదు. ఆమె దుకాణమునకు పోయి "ఒళ్ళునొప్పుల మాత్రలు" అడుగును. రెండు మూడు రంగుల మాత్రలు పేరులేని కాగితపు పొట్లములో కట్టి ఇత్తురు. అందులో ఒకటి స్టిరాయిడ్, ఒకటి డైక్లోఫినాక్ అయియుండుట తరచు జరుగుచున్నది. మరునాడే వ్రేళ్ళు మడతపడును. ఆమె నాట్లకు పోవును. మందు మంచిదని నమ్మి, నాట్లయిన పిమ్మటను మానదు. ఏ మాత్ర ఏదో ఆమెకు తెలియదు. రేపు ఆసుపత్రికి పోయినను వైద్యునికి చెప్పజాలదు.

ఆమెను నిందించుట న్యాయము కాదు. నొప్పి నిజమైనది, కూలి అవసరము నిజమైనది. పొట్లములోని రెండు మాత్రలు ఏవో తెలియకపోవుటయే ఇచ్చట సరిదిద్దవలసిన లోపము.

నాటుమందుల పేరిట అమ్మబడు కొన్ని చూర్ణములలోను, గుళికలలోను స్టిరాయిడ్ కలిపియుండుట ప్రయోగశాలల పరీక్షలలో బయటపడినది. ఏండ్ల కీళ్ళవాతమును రెండు దినములలో మాయము చేయు చూర్ణమును అనుమానించుట మంచిది.

మరి కొన్ని కారణములు

65 సంవత్సరములు దాటినవారికి, పూర్వము కడుపులో పుండు పడినవారికి, గుండెజబ్బుకై ఆస్పిరిన్‌ను గాని రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు మందులను గాని వాడువారికి ఈ ప్రమాదము అధికము. చుట్ట, బీడీ కాల్చువారికిని, సారా త్రాగువారికిని అట్లే.

హెలికోబాక్టర్ పైలోరి అను సూక్ష్మజీవి కూడ పుండ్లకు ముఖ్య కారణము. దీనిని 1982లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించిరి. 2005లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఈ జీవి మన దేశములో మిక్కిలి వ్యాప్తిలోనున్నది. పరీక్షలో కనబడినచో మందులతో నిర్మూలింపవచ్చును. కారము తినుటవలననే పుండు పడునను నమ్మకము సరియైనది కాదు. పుండు ఉన్నవారికి కారము మంట పుట్టింపవచ్చును గాని పుండునకు మూలము అది కాదు.

మూగ పుండు

స్టిరాయిడ్ వాడువారి విషయములో మిక్కిలి భయపడవలసినది పుండుకంటె దాని నిశ్శబ్దము. సామాన్యముగా పుండు పడినచో కడుపులో మంట, ఆకలి వేళ నొప్పి, పులిత్రేన్పులు కలిగి రోగిని హెచ్చరించును. స్టిరాయిడ్ శరీరములో వాపును, నొప్పిని అణచు మందు. కీళ్ళ నొప్పిని అణచినట్లే కడుపు నొప్పిని కూడ అణచును. పుండు లోతై గోడకు రంధ్రము పడినను కడుపు బిగియుట, జ్వరము వంటి గుర్తులు తేలికగానే కనబడవచ్చును. ఇంటివారు "అజీర్తి" అని సోడా త్రాగించి ఊరకుందురు. ఆ ఆలస్యమే ప్రాణము తీయును.

కావున ఈ మాత్రలు వాడువారి ఇంటనున్న వారందరును క్రింది గుర్తులను తెలిసియుండవలెను.

1. మలము తారువలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చుట. ఇనుము మాత్రలు మ్రింగువారికిని మలము నల్లబడును. కాని తారువంటి జిగట యుండదు. సందేహము కలిగినచో వైద్యునికి చూపుటయే మేలు.

2. వాంతిలో రక్తము గాని, కాఫీపొడివంటి నల్లని నలుసులు గాని పడుట.

3. ఆకస్మికముగా కడుపులో తీవ్రమైన నొప్పి కలుగుట, లేక కడుపు ఉబ్బి చెమటలు పట్టి కండ్లు తిరుగుట.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినను రాత్రియని, దూరమని చూడక 108 వాహనమును పిలిపించి శస్త్రచికిత్స సౌకర్యముగల ఆసుపత్రికి చేర్పవలెను. రోగి వాడుచున్న మాత్రల అట్టలను వెంట తీసికొని పోవలెను.

నాల్గవ గుర్తు నెమ్మదిగా వచ్చునది. పుండునుండి దినదినము కొద్దికొద్దిగా రక్తము కారినచో కంటికి ఏమియు కనబడదు. మనిషి పాలిపోవును, నాలుగడుగులు వేసినచో ఆయాసపడును. "పనిచేసి అలసినది" అని అందరును అనుకొందురు. ఉపకేంద్రములో రక్తపు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించినచో ఈ నష్టము తెలియును.

అన్నము మ్రింగునప్పుడు గొంతులోను, ఱొమ్ములోను నొప్పి, నోటిలో తెల్లని పొర కనబడుట కూడ తెలుపవలసినదే. అది ఒకవిధమైన బూజు తెగులు. మందుతో నయమగును.

ఒక్కసారిగా మానరాదు

ఇంతవరకు చదివినవారు "అట్లయినచో ఈ మాత్రలు నేడే మానిపింపవలెను" అని తలపవచ్చును. అది పుండుకంటె పెద్ద ప్రమాదము. బయటినుండి స్టిరాయిడ్ వారముల తరబడి వచ్చుచున్నప్పుడు అధివృక్క గ్రంథులు తమ పని మానివేయును. మూడు వారములకు మించి వాడినవారిలో ఈ స్థితి ఏర్పడియుండవచ్చును. అప్పుడు మాత్రలు హఠాత్తుగా మానినచో శరీరములో కార్టిసాల్ లేకపోయి తీవ్రమైన నీరసము, వాంతులు, రక్తపుపోటు పడిపోవుట కలిగి మనిషి స్పృహ తప్పవచ్చును, ప్రాణమే పోవచ్చును. వైద్యుడు మోతాదును మెట్లు మెట్లుగా తగ్గించును. గ్రంథులు తిరిగి మేల్కొనుటకు కొందరికి నెలలు పట్టును.

తీవ్రమైన జ్వరము, ప్రమాదము, శస్త్రచికిత్స వచ్చినప్పుడు తాను స్టిరాయిడ్ వాడుచున్నట్లు వైద్యునికి ముందుగా చెప్పవలెను. అట్టి సమయములో మోతాదు పెంచవలసి యుండును. వాంతులవలన మాత్ర నిలువనిచో ఇంట కూర్చుండక ఆసుపత్రికి పోవలెను.

కడుపును కాపాడుకొను విధము

వైద్యుని సలహాపై స్టిరాయిడ్ వాడుచున్నవారు ఈ నియమములు పాటింపవలెను. మాత్రను ఉదయము ఆహారముతో తీసికొనవలెను. శరీరములో సహజముగా కార్టిసాల్ ఉదయముననే ఎక్కువగా నుండుటచే ఆ వేళ తగినది. రాత్రి తీసికొన్నచో నిద్ర చెడును. చద్దన్నము, మజ్జిగ అయినను సరే, పరగడుపున మాత్రము మ్రింగరాదు. నొప్పి మిగిలియున్నదని అంగడిలో వేరొక నొప్పిమాత్ర కొనరాదు. అవసరమైనచో పారసెటమాల్ ఎంతవరకు వాడవచ్చునో వైద్యుని అడుగవలెను.

నొప్పిమాత్రయు కూడ తప్పనిసరి అయినవారికి, పూర్వము పుండు పడినవారికి వైద్యులు ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి ఆమ్లమును తగ్గించు మందును ఇత్తురు. దీనిని ఆహారమునకు అరగంట ముందు తీసికొనవలెను. ఈ మందు ఉన్నదను ధైర్యముతో స్టిరాయిడ్‌ను, నొప్పిమాత్రలను ఇష్టము వచ్చినట్లు పెంచరాదు.

గ్రామములకు ప్రత్యేకముగా సంబంధించిన విషయము ఒకటి కలదు. స్ట్రాంజిలాయిడిస్ అను సన్నని పురుగు మలముతో చెడిన మట్టిలోనుండి వట్టికాళ్ళ చర్మము గుండ శరీరములో ప్రవేశించి ప్రేగులలో ఏండ్లకొలది నివసించును. సాధారణముగా పెద్ద హాని చేయదు. కాని స్టిరాయిడ్ రక్షణశక్తిని అణచినప్పుడు ఇది విపరీతముగా పెరిగి శరీరమంతయు వ్యాపించి ప్రాణాపాయము కలిగించును. పొలములో వట్టికాళ్ళతో పనిచేయువారు స్టిరాయిడ్ ఎక్కువ కాలము వాడవలసి వచ్చినప్పుడు ఈ విషయమును వైద్యునికి తెలుపవలెను. మరుగుదొడ్డి, చెప్పులు కీళ్ళవాత రోగికి ఇట్లు కూడ ఉపకరించును.

మూల చికిత్స వేరుగా నున్నది

స్టిరాయిడ్ నొప్పిని, వాపును త్వరగా అణచును. కాని దీర్ఘకాలము కీళ్ళను వంకరపోకుండ కాపాడు భారమును దానిపై వేయరాదు. నేటి వైద్యులు దీనిని తక్కువ మోతాదులో, వీలైనంత తక్కువ కాలము, అసలు మందు పనిచేయు వరకు ఆసరాగా మాత్రమే వాడుదురు. ఆ అసలు మందులలో మొదటిది మెథోట్రెక్సేటు.

ఈ మందుతో తెలుగువారికి ఒక సంబంధము కలదు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేయుట, మెథోట్రెక్సేటును రూపొందించుట ఆ ప్రయోగశాలలోనే జరిగెను. కార్టిసోను మొదటిసారి రోగికి ఇచ్చుటకు కొలది వారములు ముందు, 1948 ఆగస్టులో వారు మరణించిరి. మొదట పుట్టకురుపు జబ్బులకై ఉద్దేశింపబడిన ఆ మందును తక్కువ మోతాదులో కీళ్ళవాతమునకు వాడుటకు అమెరికా ప్రభుత్వము 1988లో అంగీకరించినది. నేడు కీళ్ళవాత రోగికి వైద్యుడు మెథోట్రెక్సేటు, దాని దోషములు తగ్గుటకై ఫోలికామ్లము కలిపి వ్రాయుచున్నాడు.

ఈ మందు వారమునకు ఒక్క దినము మాత్రమే తీసికొనవలసినది. పొరపాటున ప్రతిదినము మ్రింగినవారు మరణించుటయు కలదు. గర్భిణులు, గర్భము కోరువారు దీనిని వాడరాదు. రక్తము, కాలేయము పరీక్షలు అప్పుడప్పుడు చేయించుకొనవలెను. ఇది పూర్తిగా పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. ఆ లోపల ఓర్పు వదలి మరల పొట్లపు మాత్రలకు పోరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణవలన చేర్పబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కావున ఈ విషయము పంచాయతీకి పరాయిది కాదు.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము సమావేశములో ఆశా కార్యకర్త సహాయముతో, దీర్ఘకాలముగా కీళ్ళనొప్పి మాత్రలు వాడుచున్నవారెవరో తెలిసికొనవలెను. వారి సంగతులు బహిరంగముగా చర్చింపక, ప్రతివారును తమ మాత్రల అట్టలతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి వైద్యునికి చూపునట్లు చేయవలెను. స్టిరాయిడ్ మాత్రలు, డైక్లోఫినాక్ వంటివి ఔషధ నిబంధనల ప్రకారము వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. గ్రామములోని మందుల దుకాణదారును పిలిపించి, చీటీ లేక వీటిని ఇయ్యవలదనియు, పేరులేని పొట్లములు కట్టవలదనియు మర్యాదగా చెప్పవలెను. వినకున్నచో ఔషధ నియంత్రణాధికారికి వ్రాయవలెను.

గ్రామసభలో పైని నాలుగు గుర్తులను, "హఠాత్తుగా మానరాదు" అను మాటను చదివి వినిపింపవలెను. చదువురానివారికి ఇదియే పాఠము. ఈ మాత్రలు వాడుచున్న ప్రతివారివద్దను మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ వ్రాసిన చీటీ ఒకటి ఉండునట్లు ఆశా కార్యకర్త చూచినచో, అత్యవసర సమయమున ఆ చీటీయే ప్రాణము నిలుపగలదు.

ముందు చెప్పిన నాట్ల కార్మికురాలిని మరల తలచుకొందము. ఆమెకు కావలసినది వచ్చే నాట్లకు కూడ చేతులు పనిచేయుట. పొట్లములోని మాత్రలు ఆమెకు ఈ సంవత్సరపు నాట్లను మాత్రమే ఇయ్యగలవు. సకాలములో సరియైన వైద్యుని చేరినచో ఆమె కీళ్ళును నిలుచును, కడుపును నిలుచును. నాట్ల ముందు ఒక్కనాడు కూలి పోయినను సరే, ఆమెను ఆసుపత్రికి పంపుటకు ఒక సభ్యుడు పూనుకొన్నచో ఆ వార్డు ప్రజలు ఆయనను ఎన్నుకొన్నందుకు ఫలము దక్కినట్లే.